వ్యోమనౌకలో ధర్మసందేహం

అనకాపల్లి జిల్లా రాంబిల్లి మండలం కొత్తూరు దగ్గర ధనదిబ్బలున్నాయి. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు బతికిన చోటు అది. అదే మండలంలో పంచదార్ల కొండ ఊటల పక్కన ధర్మలింగేశ్వరుడు ఇవాళ్టికీ పూజలందుకుంటున్నాడు. సముద్రం వైపు వెళితే, అణు జలాంతర్గాముల కోసం నౌకాదళం కడుతున్న స్థావరం. మతాన్నీ తత్వాన్నీ తడిమే సైన్స్ ఫిక్షన్ నవలలు చదవడానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచదు.

రాకెట్లున్న కథలో దేవుడికి చోటుండదని చాలామంది అనుకుంటారు. నిజానికి నమ్మకాన్ని ఇంత గట్టిగా పరీక్షకు పెట్టిన సాహిత్యం తక్కువ. రోజర్ జెలాజ్నీ 1967లో రాసిన 'లార్డ్ ఆఫ్ లైట్' చూడండి. దూరగ్రహానికి చేరిన వ్యోమనౌక సిబ్బంది మనసును కొత్త దేహంలోకి మార్చుకునే యంత్రాలు చేతబట్టుకుని బ్రహ్మ, యముడు, కాళి అయి కూర్చుంటారు. పునర్జన్మ వాళ్ల గుప్పిట్లో ఉంటుంది. కింద జనానికి అచ్చుయంత్రం కూడా దక్కనివ్వరు. వాళ్లలోనే ఒకడు, శామ్, ఎదురు తిరుగుతాడు. అతని ఆయుధం బౌద్ధం. తాను బోధించేదాని మీద తనకే నమ్మకం లేదు, అదొక ఎత్తుగడ. అతన్ని చంపడానికి కాళి పంపిన రిల్డ్ జబ్బుపడి, అతని ఆశ్రమంలోనే కోలుకుని, శిష్యుడై, నిజంగానే జ్ఞాని అవుతాడు. నమ్మని గురువు నోట విన్న మాట నమ్మిన శిష్యుణ్ని బుద్ధుణ్ని చేస్తే, ఆ ధర్మం ఎవరిది? ఈ ఒక్క ప్రశ్న కోసమే ఆ నవల చదవాలి. మన దేవుళ్ల పేర్లు చూసి నొచ్చుకునేవాళ్లు ఉండొచ్చు. కానీ రచయిత నిలదీసింది దేవుళ్లను కాదు, దైవత్వాన్ని సొంత ఆస్తి చేసుకున్నవాళ్లను.

వాల్టర్ మిల్లర్ 'ఎ కాంటికల్ ఫర్ లైబోవిట్జ్' ఇంకా లోతైనది. 1961లో హ్యూగో పురస్కారం అందుకుంది. అణుయుద్ధం ముగిశాక జనం చదువుకున్నవాళ్లనే వెంటాడి చంపుతారు, పుస్తకాలు తగలబెడతారు. ఎడారిలో కొందరు క్రైస్తవ సన్యాసులు మిగిలిన కాగితాలను కాపాడతారు. ఒక యువ సన్యాసి ఎలక్ట్రికల్ సర్క్యూట్ పటాన్ని, అదేమిటో తెలియకుండానే, ఏళ్ల తరబడి బంగారు రంగులద్ది నకలు రాస్తాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలోని మోంటే కసీనో మఠంపై బాంబులు వేసిన విమానాల్లో మిల్లర్ కూడా ఉన్నాడు. ఆ బరువు పుస్తకమంతా తెలుస్తుంది. అర్థం చెరిగిపోయినా ఆచారం మిగలడం అనకాపల్లి ప్రాంతానికి కొత్త కాదు. బొజ్జన్నకొండ బౌద్ధక్షేత్రంలో బొజ్జలాంటి ఒక రాతిని రాక్షసుడనుకుని కనుమనాడు రాళ్లు రువ్వే ఆనవాయితీ ఉండేది. కొండను కాపాడాలనుకున్నవాళ్లు దాన్ని మాన్పించడానికి ఎంతో పాటుపడ్డారు.

ఆర్థర్ సి. క్లార్క్ 'ది ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్' (1979) శ్రీలంకను పోలిన ద్వీపంలో నడుస్తుంది. క్లార్క్ ఆ దేశంలో దశాబ్దాలు గడిపాడు. ఆకాశానికి నిచ్చెన లాంటి లిఫ్టు కట్టాలని ఒక ఇంజినీరు పట్టుదల. దానికి కావలసిన శిఖరం మీద పురాతన బౌద్ధమఠం ఉంది. నౌకాదళ స్థావరం లాంటి ప్రాజెక్టు కోసం భూములు వదులుకున్న ఇక్కడి ఊళ్లవాళ్లకు ఇంజినీరు వాదనా తెలుసు, భిక్షువుల మొండితనమూ తెలుసు. క్లార్క్ నాస్తికుడైనా ఆ భిక్షువులను చులకన చేయలేదు. అందుకే అతనంటే నాకు గౌరవం.

ఇంగ్లిష్ ఎందుకనుకునేవాళ్లు విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ'తో మొదలుపెట్టవచ్చు. గుర్రపు తల ఉన్న గంధర్వుడు రెక్క విరిగి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. సంస్కృతం మాట్లాడతాడు. శాస్త్రజ్ఞులు అతన్ని పరీక్షిస్తుంటే, అతను వాళ్ల జ్ఞానాన్నే పరీక్షిస్తాడు. సైన్స్ ఫిక్షన్ అన్న పేరు దానికి సాధారణంగా పెట్టకపోయినా, వేరే లోకపు జీవి మన తర్కాన్ని తలకిందులు చేసే కథకు అంతకన్నా అర్హత ఏం కావాలి? వెల్చేరు నారాయణరావు ఇంగ్లిష్ అనువాదం 2018లో వచ్చింది కాబట్టి, తెలుగు చదవలేని పిల్లలకూ అందించవచ్చు. సన్నటి పుస్తకం, ఒక్క మధ్యాహ్నం చాలు.