ఆర్తుని పిలుపు - దాత లెక్క

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమ ఉప్పెన పాలైనప్పుడు, గ్రామములకు గ్రామములే కొట్టుకొనిపోయిన వార్త బయటి లోకమునకు దెలియుటకే కాలము పట్టినది. నేడు సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. వరద వచ్చినను, గాలివాన వచ్చినను, నిమిషములో ఆ దృశ్యము దేశాంతరములకు బోవుచున్నది. స్వచ్ఛంద సంస్థలు ఆ మార్గముననే ఆర్తుల మొఱ లాలకించుచున్నవి. ఆ మార్గముననే చందాలు గోరుచున్నవి. ఇది మేలే. కాని వార్త చేరినంతమాత్రమున సాయము చేరినట్లగునా? చందా చేరినంతమాత్రమున ఇల్లు నిలిచినట్లగునా? హైటీ దేశపు అనుభవమును జూచిన ఈ సంగతి విశదము కాగలదు.

2010 జనవరి 12వ తేదీ సాయంకాలము 7.0 తీవ్రతగల భూకంపము ఆ దేశపు రాజధానియగు పోర్టో ప్రిన్సు నగరమును శిథిలము గావించినది. అధ్యక్ష భవనమే కూలినది. ఎవ రెచ్చట చిక్కుకొనిరో చెప్పగల యధికారి లేడు. అట్టి సమయమున 4636 అను సంఖ్యకు ఎవరైనను ఉచితముగా సందేశము పంపుకొను నేర్పాటు జరిగినది. రేడియో దానిని చాటినది. సందేశములు ప్రజల మాతృభాషయగు క్రియోలులో వచ్చి పడినవి. సాయమునకు వచ్చిన విదేశీయులలో పెక్కుమందికి ఆ భాష తెలియదు. అప్పుడు అమెరికా మొదలగు దేశములలో స్థిరపడిన హైటీవారు రాత్రింబవళ్లు కూర్చుండి వానిని ఆంగ్లమునకు మార్చిరి. తమ యూరి సందుగొందులు తామెఱిగినవారు గనుక తావులను గూడ గుర్తింపగలిగిరి.

కెన్యాలో 2008లో పుట్టిన ఉషాహిది యను సాధనముపై బాస్టను ప్రాంతపు విద్యార్థులు ఆ మొఱలను పటమున కెక్కించిరి. ఆ పేరునకు స్వాహిలీ భాషలో సాక్ష్యమని యర్థము. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సేవకులు ఉపగ్రహ చిత్రములను జూచి, అంతవరకు సరియైన పటమే లేని నగరమును వీధివీధిగా గీసి, సహాయక దళముల కందించిరి. వచ్చిన ప్రతి సందేశమునకును సాయ మందినదని చెప్పజాలము. కాని ఆర్తుడు తన భాషలో మొఱపెట్టగా, ఆ భాష నెఱిగినవాడు విన్నందువలననే ఆ యంత్రము పనికివచ్చినది.

ఇక ధనము సంగతి. అమెరికను రెడ్‌క్రాస్ సంస్థకు ఫోను సందేశములద్వారా మనిషికి 10 డాలర్ల చొప్పున 3 కోట్ల 20 లక్షల డాలర్లకు పైగా వచ్చినవి. అన్ని విధముల చేరినది సుమారు 49 కోట్లు. అయిదేండ్ల తరువాత, 2015లో, ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ అను వార్తాసంస్థలు విచారింపగా, ఆ సంస్థ కట్టించిన శాశ్వత గృహములు 6 మాత్రమేయని తేలినది. లక్షా ముప్పదివేలమందికి నివాసము గల్పించితిమని ఆ సంస్థ చెప్పుకొన్నది. అద్దె సాయములు, తాత్కాలిక గృహములు, మరమ్మతులు మున్నగునవి యందు జేరియున్నవని దాని సమాధానము. ఆ సమాధానమును ద్రోసివేయ నక్కఱలేదు. అయినను ఏ పనికి ఎంత వ్యయమైనదో దాతలకు స్పష్టముగా దెలియలేదన్నది కాదనరాని మాట. చందా గోరుటకు చాలిన ఫోను, లెక్క చెప్పుటకు చాలకపోయినది!

దానమిచ్చిన ఆవు పళ్లు లెక్కపెట్టరాదని మనలో సామెత. అది పుచ్చుకొన్నవానికి జెప్పిన నీతి, ఇచ్చినవానికి గాదు. గుప్తదానము పుణ్యమే కావచ్చును గాని, గుప్తవ్యయము పుణ్యము గాదు.

కావున రేపు మన తీరమున గాలివాన వీచి, మన చేతిలోని ఫోనునకు చందా విన్నపము వచ్చినప్పుడు, పైకము పంపుటకు జంకవలదు. దానితోపాటు మూడు ప్రశ్నలు గూడ పంపుదము. మీరు ఆర్తుల మాటను వారి భాషలోనే వినుచున్నారా? ఆ యూరివారు మీ పనిలో పాలుగొనుచున్నారా? వచ్చినదెంత, వెచ్చించినదెంతయను లెక్కను ఈ ఫోనుననే మాకు పంపుదురా? ఈ మూటికిని సమాధానము చెప్పగల సంస్థకు ఇచ్చిన రూపాయి గుడిసెవాని ముంగిటికి జేరునని నమ్మవచ్చును. చెప్పలేని సంస్థకు వేగమెంత యున్నను, అది మన సొమ్మును వేగముగా దీసికొనుటకే యుపయోగపడును.