గూటి దుడ్డులో 500 పక్కన పెట్టండి

పురుగు నాలుగో జ్వరం లేచి ఆకు ఎగబడి తినే టైములో ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అంటే ఏం చేస్తాం? జీతగాళ్లకి కంపెనీ ఇన్సూరెన్సు ఉంటుంది, మనకి వడ్డీ అప్పే. కర్ణాటకలో బీపీఎల్ కార్డున్న ఇంటికి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కింద 5 లక్షల దాకా చికిత్స ఉంది. ఏపీఎల్ కార్డుంటే ప్యాకేజీలో 30 శాతమే వస్తుంది. ఇరుక్కునేది వీళ్లే.

వీళ్లకి యశస్విని ఉంది. 2023లో మళ్లీ మొదలైనప్పుడు పల్లెల్లో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 500 రూపాయలు, ఆపైన మనిషికి 100. చికిత్స 5 లక్షల దాకా, జాబితాలో ఉన్న ఆస్పత్రిలోనే. సహకార సంఘంలో సభ్యత్వం ఉండాలి. పట్టు సంఘమే కానక్కర్లేదు, మీరు పాలు పోసే డెయిరీ సంఘమైనా సరే. పోసేది పోస్తాం, సభ్యత్వం మాత్రం అడగం!

నమోదు ఏడాదంతా ఉండదు. గడువు ఎప్పుడో, ఈ ఏడు ఎంత కట్టాలో రేపు పాలు పోసేటప్పుడే సెక్రెటరీని అడగండి.