పాత స్టాండు ఫ్యానుకు తుంపర నాజిళ్లు: మా వసారా చల్లబడిన తీరు

పైన వీడియోలో కనిపిస్తున్నది ధవళేశ్వరంలో మా ఇంటి వసారా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా. బ్యారేజీ పక్కన ఇంత గోదావరి పెట్టుకుని కూడా, మే నెలలో పడమటి గాలి కొట్టిందంటే నీడలోనే ఒళ్లు కాలిపోతుంది. నిరుడు మా అమ్మకు వడదెబ్బ తగిలింది. మధ్యాహ్నం లోపల పడుకోమంటే వినదు, రేకుల వసారాలోనే కూర్చుని విత్తనాలు బాగుచేస్తుంది. ఫ్యాను వేస్తే వేడి గాలే మొహాన కొడుతుంది. ఆవిడ కోసమే ఈ పని మొదలుపెట్టాను.

ఆలోచన కడియంలో పుట్టింది. అక్కడి నర్సరీల్లో కొమ్మలు వేళ్లు పట్టడానికి తుంపర కొట్టే షెడ్లు ఉంటాయి. ఒక మధ్యాహ్నం అందులోకి అడుగు పెడితే ప్రాణం లేచొచ్చింది. మా తాతల కాలంలో వట్టివేళ్ల తడికలు తడిపి గుమ్మాలకు కట్టేవారు, అదీ ఇదీ ఒకటే సూత్రం. ఒక లీటరు నీరు ఆవిరైతే, 20 డిగ్రీలున్న ఏడు లీటర్ల నీళ్లను మరిగేదాకా కాచడానికి పట్టేంత వేడిని గాలిలోంచి లాగేసుకుంటుంది.

కావలసినవి

పాత స్టాండు ఫ్యాను, సన్న రంధ్రం ఉన్న ఇత్తడి నాజిళ్లు 4, సన్న ట్యూబు, టీలు, ఒక ఫిల్టరు, చిన్న వాల్వు, మూత ఉన్న బకెట్టు. ఇవన్నీ డ్రిప్ సామాన్ల షాపులో దొరుకుతాయి. పంపుకు మాత్రం మనం పొలంలో వాడే బ్యాటరీ స్ప్రేయరులో ఉండే 12 వోల్టుల పంపు, బ్యాటరీ సరిపోతాయి.

కట్టే పద్ధతి

ట్యూబును ఫ్యాను ముందు జాలీ చుట్టూ రింగులా తిప్పి క్లిప్పులతో బిగించండి. నాజిళ్లు నాలుగూ సమాన దూరంలో, గాలి వెళ్లే వైపుకే చూడాలి. బకెట్టులోంచి ఫిల్టరు, ఫిల్టరు తర్వాత పంపు, పంపు నుంచి రింగు. ఇక్కడ నాకో చిక్కు వచ్చింది. స్ప్రేయరు పంపు ఇచ్చే నీళ్లలో నాజిళ్లు వాడుకునేది కొంచెమే. దాంతో పంపు టకటకా ఆగుతూ మొదలవుతూ ఉంది. మధ్యలో టీ పెట్టి, ఎక్కువైన నీళ్లు వాల్వు గుండా మళ్లీ బకెట్టులోకే వెళ్లేలా చేస్తే సర్దుకుంది. నాకు గంటకు 18 లీటర్ల వరకు ఖర్చవుతున్నాయి.

నేను చేసిన తప్పు

మొదటి రోజు, ఇంట్లో ఉన్న స్ప్రేయరు పంపునే కడిగి పెట్టేశాను. దాంతో అంతకుముందు అగ్నిఅస్త్రం కొట్టి ఉన్నాను. స్విచ్ వేసిన నిమిషానికే అమ్మకు, నాకు కళ్లు మంటలు, ఒకటే దగ్గు! పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు ఎన్నిసార్లు కడిగినా గొట్టాల్లో మిగిలే ఉంటాయండి. "నన్ను పురుగనుకున్నావా ఏంట్రా?" అంది అమ్మ. కషాయాలు కొట్టిన పంపు, ట్యూబు దీనికి వాడొద్దు. కొత్త పంపే కొనండి. పీల్చే గాలితో ఆటలొద్దు.

ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చేయదు

రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని కొనకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఊపండి. రెండింటికీ తేడా ఎంత ఉంటే, తుంపర అంత బాగా పనిచేస్తుంది. మా దగ్గర ఒక మధ్యాహ్నం రెండింటికి మామూలుది 41, తడిగుడ్డది 27 చూపించింది. ఫ్యాను ముందు ఏడడుగుల దూరంలో 35 వచ్చింది. సాయంత్రం ఆరింటికి సముద్రం వైపు గాలి తిరిగాక 34, 29 ఉన్నాయి. అప్పుడు తుంపర వేస్తే చల్లదనం రాలేదు సరికదా, చెమట ఆరక ఇంకా ఉక్కపోసింది, నేలంతా తడి. అందుకే పడమటి గాలి వీచే వేళలోనే వాడి, ఉక్క మొదలవగానే నీళ్లు ఆపేసి ఉత్త ఫ్యాను ఉంచుతున్నాను. చుట్టూ పరదాలు కట్టి మూసేయొద్దు. తేమ గాలి బయటికి పోవాలి.

నీళ్లు, కరెంటు

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే నాజిళ్లు మూసుకుపోతాయి. వారానికోసారి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టండి. నిలవ నీళ్లు తుంపరగా పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకని రోజూ బకెట్టు పారబోసి, కడిగి, తాగే నీళ్లే పోయండి. పంపు 12 వోల్టులదే కానీ ఫ్యాను ఇంటి కరెంటుతోనే కదా నడిచేది. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా దీని జోలికి వెళ్లొద్దు. తడి మోటారు వైపు రాకూడదు. తడి చేత్తో ఫ్యానును తిప్పొద్దు.

ఆవులకు ఇదే కట్టొచ్చా?

చాలామంది అడుగుతున్నారు. సన్న తుంపర ఆవు వెంట్రుకల మీదే ఆగిపోతే, లోపలి వేడి బయటికి రాదు. పెద్ద చినుకులతో చర్మం దాకా ఒక నిమిషం తడిపి, ఆపేసి, ఆరేదాకా ఫ్యాను వేయడం మేలు. గేదెలకైతే ఇది ఇంకా అవసరం. కొట్టం నేల మాత్రం వాలుగా ఉండాలి. నీళ్లు నిలిస్తే గిట్టలు పాడవుతాయి, జీవామృతానికి పట్టుకునే మూత్రం కూడా పలచబడిపోతుంది.

చివరిగా ఒక మాట. తుంపర కంటే ముందు నీడ కావాలి. మేము ముందు రేకుల మీద తాటాకు కప్పాం, ఆ తర్వాతే ఫ్యాను. ఈ వేసవిలో అమ్మ వసారాలోనే కూర్చుని బెండ విత్తనాలన్నీ ఏరి పెట్టింది. ఒంట్లో బాగోలేదని ఒక్కరోజూ అనలేదు. నాకు అదే చాలండి.