ఉగాది కార్డు మీద ఎవరి మాట?

ఉగాదికి మీ చేతితో కార్డులు చేస్తున్నారా? రంగు కాగితం ఉంది, జిగురు ఉంది, మామిడాకుల బొమ్మ కూడా వేశారు. లోపల ఏం రాస్తారు? మనలో చాలామందికి వెంటనే సినిమా మాటే గుర్తుకు వస్తుంది. అది సహజమే. డర్బన్‌లో పుట్టిన మన పిల్లల చెవిన తెలుగు పడేది ఎక్కువగా గుడిలో, లేకపోతే సినిమాలో.

కానీ ఆ మాటను ఒక రచయిత రాశారు. దాని మీద ఉండే హక్కునే కాపీరైట్ అంటారు. మన దక్షిణాఫ్రికాలో 1978 నాటి చట్టం ఆ హక్కును కాపాడుతుంది. ఇండియా, మన దేశం రెండూ బెర్న్ ఒప్పందంలో ఉన్నాయి. అందుకే తెలుగు సినిమా హక్కు ఇక్కడ కూడా చెల్లుతుంది.

మీరు ఒక్క కార్డు చేసి అమ్మమ్మకు ఇస్తే భయపడకండి. సొంత వాడకానికి, న్యాయమైన మేరకు, చట్టం ఒప్పుకుంటుంది. అదే కార్డును యాభై ప్రతులు తీసి గుడి సంతలో అమ్మితే సంగతి వేరు. డబ్బు తెలుగు తరగతికే వెళ్ళినా అమ్మకం అమ్మకమే. "ఇన్ని మాటల వరకు ఫరవాలేదు" అనే లెక్క చట్టంలో లేదు. రచయిత పేరు వేయడం మంచిదే, కానీ పేరు వేసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు.

పాత సినిమా అయితే? "మాయాబజార్" 1957లో వచ్చింది. దాని మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో చనిపోయారు. మన చట్టంలో రచయిత హక్కు ఆయన పోయిన సంవత్సరం చివరి నుంచి 50 ఏళ్ళు ఉంటుంది. అంటే 2021తో ముగిసింది. ఇండియాలో 60 ఏళ్ళు, కాబట్టి 2031 చివరి దాకా ఉంటుంది. ఆయన మాటలున్న కార్డు డర్బన్‌లో అమ్మవచ్చు. హైదరాబాదులో అమ్మాలంటే అనుమతి కావాలి.

కొత్త సినిమా అయితే అడగండి. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదు కదా! ఏ మాట, ఎన్ని కార్డులు, ఎంత ధర అన్నీ రాసి నిర్మాతలకు పంపండి. పాటైతే మ్యూజిక్ కంపెనీకి కూడా రాయండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నారని అనుకోకండి.

ఇంకో సులువైన దారి ఉంది. మీ మాట మీరే రాయండి. "అమ్మమ్మా, నీ ఉగాది పచ్చడి చేదుగా ఉన్నా రెండోసారి అడుగుతాను" అని రాస్తే ఎవరి అనుమతీ అక్కరలేదు. కవరు అంటించే ముందు మాత్రం ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి.