తుఫాను అందరికీ, చావు పేదవాడికేనా?

గాలి ఎవరి గుమ్మం ముందూ ఆగి కులం, మతం అడగదు. సముద్రం ఉప్పొంగినప్పుడు ఎవరి ఆస్తి ఎంతో చూడదు. అందుకే ప్రకృతి ముందు అందరూ సమానమేనని మనం తరచూ చెప్పుకుంటాం. కాని తుఫాను వెలిసిన మర్నాడు శవాల లెక్క చూస్తే ఆ మాట నిలబడదు. మేడ ఉన్నవాడు మేడెక్కి బతుకుతాడు. పూరిగుడిసెలో ఉన్నవాడు గుడిసెతో పాటే కొట్టుకుపోతాడు. భూమి వేడెక్కిపోతున్న ఈ కాలంలో మనం ముందుగా ఆలోచించవలసింది ఈ అన్యాయాన్ని గురించే.

ఇందుకు మన బంగాళాఖాతం చరిత్రే చాలు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10 వేల మంది చనిపోయారు. అంతకు ఏడేళ్ల ముందు, 1970 నవంబరులో, ఇదే సముద్రం నేటి బంగ్లాదేశ్‌లోని భోలా ప్రాంతంలో మూడు నుంచి ఐదు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. తుఫాను వస్తున్నదని వాతావరణ శాఖకు తెలుసు. కాని ఆ కబురు లంకల్లో బతికే బెస్తలకు, కూలీలకు అర్థమయ్యేలా చేరలేదు. చేరినా పోయి తలదాచుకోవడానికి చోటు లేదు.

పొరుగువారే రక్షకులు

ఆ ఘోరం తర్వాత 1972లో అక్కడ తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలైంది. మరుసటి ఏడాది నుంచి ప్రభుత్వం, రెడ్ క్రెసెంట్ సొసైటీ కలిసి దాన్ని నడుపుతున్నాయి. దాని అసలు బలం ఊళ్లలోని స్వచ్ఛంద సేవకులు. నేడు వారి సంఖ్య 76 వేలు దాటింది. ప్రమాదం దగ్గర పడుతుంటే వీరు జెండాలు ఎగరేస్తారు. మెగాఫోన్లు పట్టుకుని వీధి వీధీ తిరుగుతారు. మసీదు మైకుల్లోనూ చాటింపు వేయిస్తారు. నడవలేని ముసలివాళ్లను చేయి పట్టుకుని ఆశ్రయ భవనానికి తీసుకుపోతారు. మామూలు రోజుల్లో ఆ భవనాల్లో చాలావరకు పిల్లల బడులే.

అయినా 1991 ఏప్రిల్ తుఫానులో సుమారు లక్షా 38 వేల మంది మరణించారు. వారిలో మగవారికన్నా ఆడవారే చాలా ఎక్కువ. ఇంటాయన రానిదే గడప దాటకూడదనుకున్నవారు, పరాయి మగవాళ్ల మధ్య ఇరుకు గదిలో ఉండటానికి వెనుకాడినవారు, పిల్లల్ని వదలలేనివారు ఇళ్లలోనే చిక్కుకుపోయారు. ఆ అనుభవం నుంచి అక్కడివారు పాఠం నేర్చుకున్నారు. ఆశ్రయ భవనాల్లో ఆడవారికి వేరే గదులు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయసాగారు. పశువులను వదిలి రాలేక ఆగిపోయేవారి కోసం ఎత్తైన మట్టి దిబ్బలు వేశారు. ఇవాళ సేవకుల్లో సగం మంది స్త్రీలే.

ఫలితం చూడండి. 1991 నాటి తుఫానుతో పోల్చదగిన సిద్ర్ 2007లో వచ్చినప్పుడు మృతులు సుమారు 3,400. 2020 మేలో అంఫన్ వచ్చినప్పుడు కరోనా కాలమైనా దాదాపు 24 లక్షల మందిని తరలించారు. బంగ్లాదేశ్‌లో మృతులు యాభై మందికి లోపే. సంపన్న దేశం కాకపోయినా, ఇరుగుపొరుగు ఒక్కటై ఇంతమందిని కాపాడుకున్నారు.

ప్రాణం దక్కితే చాలునా?

అయితే కథ అక్కడితో ముగియదు. 2009లో ఐలా తుఫాను కరకట్టలు తెంచినప్పుడు ఖుల్నా, సాత్‌ఖీరా జిల్లాల్లో ఉప్పునీరు నెలల తరబడి పొలాల్లోనే నిలిచిపోయింది. పైరు లేదు, తాగునీరు లేదు. స్త్రీలు బిందెలు పట్టుకుని మైళ్లు నడిచారు. అప్పులపాలైన కుటుంబాలు పట్నాల దారి పట్టాయి.

ఈ శిక్ష ఎవరి తప్పుకు? బొగ్గు, పెట్రోలు మండించగా వెలువడే వాయువుల వల్ల భూమి వేడెక్కుతోంది. వేడెక్కిన సముద్రం తుఫానుకు బలమిస్తుంది. సముద్ర మట్టం పెరిగేకొద్దీ ఉప్పెన మరింత లోపలికి చొచ్చుకొస్తుంది. ప్రపంచం వదిలే ఈ వాయువుల్లో బంగ్లాదేశ్ వాటా ఏటా అర శాతం దరిదాపుల్లోనే. నష్టపోయిన దేశాలకు నిధి ఏర్పాటు చేయాలని 2022లో ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మరుసటి ఏడాది దుబాయ్‌లో సుమారు 70 కోట్ల డాలర్లు ఇస్తామని కొన్ని దేశాలు మాటిచ్చాయి. జరిగే నష్టం ఏటా వేల కోట్ల డాలర్లలో ఉండగా ఇది ఏ మూలకు? పైగా దీన్ని దానమన్నట్టు మాట్లాడటం తగదు. ఒకరి పొలం పాడుచేసినవాడు చెల్లించేది దానం కాదు, బాకీ.

మన వీధిలో న్యాయం

ఈ కొలబద్దతో పెద్ద దేశాలనే కాదు, మనల్నీ కొలుచుకోవాలి. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఎండలో కష్టపడే కూలీలు, వృద్ధులు. చల్లని గదిలో కూర్చున్నవాడు ఆ ఎండను పేపర్లో చదివాడు, రిక్షావాడు నెత్తిన మోశాడు.

మనం చేయగల పనులు ఉన్నాయి. వీధిలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, వితంతువులు, వికలాంగులు ఎవరో ముందే జాబితా రాసుకుని, ఒక్కొక్కరి బాధ్యత ఒక్కొక్కరం తీసుకోవచ్చు. మసీదైనా, గుడైనా, చర్చైనా, షాదీఖానా అయినా మిట్టమధ్యాహ్నం కూలీలకు నీడ, నీళ్లు ఇవ్వగలదు. తీరప్రాంతం వారు తమ ఊరి తుఫాను ఆశ్రయం తాళం ఎవరి దగ్గర ఉందో, లోపల నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో తుఫాను రాకముందే చూసుకోవాలి. పనివాళ్లను పెట్టుకున్నవారు ఎండవేళ పని ఆపించాలి. ఆపిన గంటలకు కూలి కోయకూడదు.

ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అది మన జేబును తాకుతుంది. సంపన్న దేశాలు వెనుకాడుతున్నదీ సరిగ్గా అక్కడే. వాళ్లను న్యాయం అడిగే నోటితో మనం మన కూలివాడికి ఏం చెబుతున్నాం? వచ్చే వేసవికి ముందే ప్రతి ఒక్కరం దీనికి జవాబు చెప్పుకోవాలి.