సెల్లార్‌లో స్టోర్స్ లెక్క

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్ చుట్టూ అద్దాల మేడలు వరసగా లేచాయి. ప్రతి మేడకూ చిల్లర్లు, డీజిల్ జనరేటర్లు, పంపులు, లిఫ్టులు ఉండాల్సిందే. వాటి విడిభాగాలన్నీ ఒకరి చేతి మీదుగా వెళ్తాయి. ఆయనే స్టోర్ కీపర్. సెల్లార్‌లో ఇనుప ర్యాకుల మధ్య కూర్చుంటాడు కాబట్టి పై అంతస్తుల వాళ్లకు పెద్దగా తెలియడు.

సామాను ఇచ్చి సంతకం తీసుకోవడమే ఆయన పని అనుకుంటాం. అసలు పని, ఏది కొని పెట్టుకోవాలి, ఏది అక్కర్లేదు అన్నది తేల్చడం. అన్నీ కొనేస్తే డబ్బంతా ర్యాకులో దుమ్ము పట్టి కూర్చుంటుంది. ఏదీ కొనకపోతే అర్ధరాత్రి అమెరికా షిఫ్టులో ఏసీ ఆగుతుంది, అప్పటికి విడిభాగాలు అమ్మే రాణిగంజ్ షాపులు షట్టర్లు దించేసి ఉంటాయి.

ధర చూసి తేలిస్తే బోల్తా పడతాం. చల్లగాలి తోలే ఏహెచ్‌యూలో ఫ్యాను తిరిగేది వందల్లో దొరికే బెల్టు మీద. అది తెగితే ఫ్లోరంతా ఉక్కపోత. లాబీలో అలంకరణ లైటు అంతకంటే ఖరీదు, అయినా వారం వెలగకపోతే ఎవరికీ నష్టం లేదు. అందుకే సామానును ఏడాదిలో దాని మీద అయ్యే మొత్తం ఖర్చును బట్టి ఏబీసీగా, లేకపోతే ఏమవుతుందన్నదాన్ని బట్టి వీఈడీగా, అంటే వైటల్, ఎసెన్షియల్, డిజైరబుల్‌గా విడదీస్తారు. నన్నడిగితే మెయింటెనెన్స్‌కు రెండోదే ముఖ్యం. మొదటిది అకౌంట్స్ వాళ్లకు ఇష్టం.

ఎప్పుడు తెప్పించాలన్నది చిన్న లెక్క. ఫిల్టర్లు రోజుకొకటి ఖర్చవుతున్నాయి, ఆర్డరిచ్చాక 12 రోజులకు వస్తాయి అనుకుందాం. 12 మిగిలినప్పుడు ఆర్డర్ పెడితే ఆఖరిది అయిపోయే రోజుకు కొత్తవి దిగుతాయి. బండి ఆలస్యమైతే? అందుకని ఇంకో 5 కలుపుకుని, నిల్వ 17కు రాగానే ఆర్డర్ పెట్టాలి. ఏడాదికోసారి పోయే భాగాలకు ఈ లెక్క నడవదు. అక్కడ ఏ మోటారు చప్పుడు మారిందో ముందే వచ్చి చెప్పే టెక్నీషియనే దిక్కు.

సామాను కావాల్సినవాళ్లు ఇండెంట్ చీటీ మీద ‘ఫ్యాన్ బేరింగ్ - 1’ అని రాసుకొస్తారు. నంబరు లేకుండా ఇవ్వకూడదు. 6205లో చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి వ్యాసం, 25 మిల్లీమీటర్లు. 6305కీ అంతే. బయటి వ్యాసం మాత్రం ఒకదానికి 52, ఇంకోదానికి 62. 6205 బదులు 6305 ఇస్తే షాఫ్టుకు చక్కగా ఎక్కుతుంది, హౌసింగ్‌లో మాత్రం కూర్చోదు. నంబరు వెనక జెడ్‌జెడ్ ఉంటే రేకు మూత, 2ఆర్‌ఎస్ ఉంటే రబ్బరు సీలు. పాతది తెచ్చి చూపించమంటే చాదస్తం అనుకోకండి.

దాచిన సామానూ పాడవుతుంది. యూపీఎస్ బ్యాటరీకి ర్యాకులోనే చార్జి దిగిపోతుంది, రబ్బరు గట్టిపడుతుంది. అందుకే ముందొచ్చింది ముందు పోవాలి.

ఇంతా చేసి లెక్క తప్పేది రాత్రి షిఫ్టులో. తాళం తీసి సామాను పట్టుకెళ్తారు, నిల్వ రాసే బిన్ కార్డు పొద్దున రాద్దాంలే అనుకుంటారు. కంప్యూటర్‌లో 2 ఉంటాయి, ర్యాకు ఖాళీ. ఆ 2 చూసి సాఫ్ట్‌వేర్ ఆర్డర్ అడగదు. ఏడాది చివర అన్నీ ఒకేసారి లెక్కపెట్టే బదులు వైటల్ సామాను వారానికి కొన్ని చొప్పున లెక్కపెడుతుంటే ఆ తేడా తొందరగా బయటపడుతుంది.