ఒకే కంప్యూటరు, వేరువేరు అనుమతులు

హైదరాబాదు పాతబస్తీ చుట్టును ఒకప్పుడు రాతిగోడ యుండెడిది. మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ కాలమున ఆరంభమైన ఆ గోడను మొదటి ఆసఫ్ జా పూర్తి చేయించెను. దానికి పెద్ద దర్వాజాలును, వాని నడుమ కిటికీలను పేరుగల చిన్న ద్వారములును ఉండెడివి. దర్వాజాలలో నేడు నిలిచియున్నవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు మాత్రమే. దర్వాజాను మూసి కిటికీని తెరచియుంచినచో కాపలా వలన ప్రయోజన మేమి? పలువురు వాడు కంప్యూటరునకు కాపలా పెట్టునప్పుడును ఇదే ప్రశ్న ఎదురగును.

బడిలోని కంప్యూటరు ఏ ఒక్కరిదియు కాదు. చార్మినారు సమీపమున ఒక ఉన్నత పాఠశాల గలదని ఊహింతము. ఉదయము పదవ తరగతివారు కూర్చుండు యంత్రము మీదనే సాయంకాలము ఉపాధ్యాయులు మార్కులు నమోదు చేయుదురు. మార్కుల ప్రోగ్రాము విద్యార్థుల చేతికి చిక్కరాదు. ఇందులకై చాలమంది చేయు పని తెరమీది గుర్తును తొలగించుట. ఇంటి నంబరు పలకను ఊడదీసి తలుపునకు తాళము వేసితిమనుకొనుట వంటిదే ఇది! ప్రోగ్రాము డిస్కులో ఉన్నచోటనే యున్నది. వెదకువానికి క్షణములో దొరకును.

నిజమైన తాళము ఫైలునకే వేయవలెను. ప్రతివారికిని వేరువేరు ఖాతా లుండినగాని అది సాధ్యము కాదు. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఒకే యంత్రమును పలువురు పంచుకొను సి.టి.ఎస్.ఎస్. అను వ్యవస్థను ప్రదర్శించిరి. 1969లో బెల్ ప్రయోగశాలలో ఆరంభమైన యూనిక్స్ అనుమతుల పద్ధతిని సులభతర మొనర్చెను. నేటి లినక్స్ కూడ ఆ పద్ధతినే అనుసరించుచున్నది.

ఆ పద్ధతిలో ప్రతి ఫైలును ముగ్గురి దృష్టితో చూడవలెను: యజమాని, ఒక సమూహము, తక్కినవారు. ఒక్కొక్కరికి మూడు హక్కులు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1 అని విలువలు. ఈ అంకెలే ఏల? 4, 2, 1 లను ఏ విధముగ కూడినను ప్రతి మొత్తమునకు ఒకే అర్థము వచ్చును. 5 అనగా చదువుట, నడుపుట, మరియొకటి కానేరదు. ద్వియాంశ గణితము నేర్చిన విద్యార్థి దీనిని వెంటనే గుర్తించును.

ఇక మన పాఠశాలలో ఉపాధ్యాయుల ఖాతాలను ఒక సమూహముగ చేర్చి, మార్కుల ప్రోగ్రామును ఆ సమూహమున కప్పగించి, సీహెచ్‌మాడ్ అను ఆజ్ఞతో 750 అని నిర్ణయింపవలెను. నిర్వాహకునికి 7, ఉపాధ్యాయులకు 5, తక్కినవారికి 0. విద్యార్థి ఆ ప్రోగ్రామును కనుగొన్నను వ్యవస్థ దానిని నడుపదు. క్రొత్త కూర్పు వచ్చినప్పుడు ఈ అంకెలు మొదటి స్థితికి పోవచ్చును గనుక మరల సరిచూడవలెను.

విండోస్‌లో ఇట్టి పనికి ఒక్కొక్క ఫైలునకు అనుమతుల పట్టిక కలదు. స్థాపించునప్పుడే కొన్ని ప్రోగ్రాములు అందరికా, ఒక్కరికా అని అడుగును.

ఇది దర్వాజా. కిటికీ మాటయో? విద్యార్థి అదే ప్రోగ్రామును పెన్‌డ్రైవులో తెచ్చి తన ఫోల్డరులో పెట్టుకొన్నచో, ఆ ప్రతికి యజమాని అతడే; మన 750 దానిని తాకదు. లినక్స్‌లో విద్యార్థుల ఫోల్డరులున్న భాగమును, పెన్‌డ్రైవులను, వానిలోని ప్రోగ్రాములు నడువకుండునట్లు జతపరుపవచ్చును. అయినను పైథాన్ వంటి వ్యాఖ్యాత ప్రోగ్రామునకు అందించిన లిపి నడచును. అది మరియొక సందు. విండోస్‌లో 2009 నాటి 7వ కూర్పుతో వచ్చిన యాప్‌లాకర్, అనుమతించిన ప్రోగ్రాములను మాత్రమే నడుపనిచ్చును. నిర్వాహక ఖాతా సంకేతపదమును గోడమీద వ్రాసియుంచు ప్రయోగశాలలో ఇవి యన్నియు వృథా.

మరియొక సంగతి. ప్రోగ్రామును బిగించినను మార్కుల ఫైలు విడిగానున్నచో, దానిని వేరొక ప్రోగ్రాముతో తెరచి దిద్దవచ్చును. కావున ఆ ఫైలున్న ఫోల్డరును సైతము ఉపాధ్యాయ సమూహమున కప్పగించి 770 చేయవలెను. ఫోల్డరు విషయమున 1 అనగా లోనికి ప్రవేశించు హక్కు. అటుపిమ్మట ఒక విద్యార్థి ఖాతాతో ప్రవేశించి, ఆ ప్రోగ్రామును నడుపుటకును, ఆ ఫైలును తెరచుటకును, పెన్‌డ్రైవులోని ప్రతిని నడుపుటకును స్వయముగ ప్రయత్నించి చూడవలెను.